ఇండియా గేట్ మీది పేర్లు చదవనివ్వండి

ఇండియా గేట్ గురించి మన దేశంలో వాదన జరిగిన ప్రతిసారీ, అది దాని పక్కన ఏముండాలన్నదాని మీదే జరిగింది. ఎదుటి మంటపంలో ఇంగ్లండు రాజు విగ్రహం ఉంచాలా తీసెయ్యాలా అని కొన్నేళ్లు వాదించుకున్నాం. తీసేశాక ఆ ఖాళీలో గాంధీని కూర్చోబెట్టాలా వద్దా అని ఇంకొన్నేళ్లు. 2022 జనవరిలో కమాను కింద వెలిగే జ్యోతిని తరలిస్తే మళ్లీ గొడవ. ఇన్ని మాటల్లో ఆ గోడల మీద చెక్కి ఉన్న 13 వేల పైచిలుకు పేర్ల ఊసు దాదాపు రాలేదు. ఆ పేర్లను దగ్గరికెళ్లి చదివే వీలు మామూలు సందర్శకుడికి లేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ఈ కట్టడం ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1917లో, ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ ఏర్పడింది. లక్షల మంది చనిపోతున్నారు, ఎంతోమందికి శవం కూడా దొరకడం లేదు. వాళ్లను ఎలా గుర్తుపెట్టుకోవాలో తేల్చడం ఈ సంస్థ పని. బ్రిటిష్ మ్యూజియం డైరెక్టరు ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఇచ్చిన నివేదిక ఒక సూత్రాన్ని నిలబెట్టింది: చనిపోయినవాళ్ల మధ్య హోదా తేడా చూపకూడదు. సమాధి ఉంటే సమాధి రాయి మీద, లేకపోతే స్మారకం గోడ మీద, ప్రతి మనిషి పేరూ ఉండాలి. అంతకుముందు యుద్ధాల్లో మామూలు సిపాయి పేరు రాతి మీదికి ఎక్కడం అరుదు. గెలిచిన సేనాని గుర్రం మీద విగ్రహమై నిలబడేవాడు, సిపాయిలు ‘ఇన్ని వేల మంది’ అనే లెక్కలో కలిసిపోయేవాళ్లు.

ఆ కమిషన్ నియమించుకున్న ముగ్గురు ప్రధాన వాస్తుశిల్పుల్లో ఎడ్విన్ లుటియెన్స్ ఒకరు. అప్పటికే ఆయన చేతిలో కొత్త ఢిల్లీ నగర నిర్మాణం ఉంది. లండన్ వైట్‌హాల్ వీధిలోని సెనోటాఫ్ అనే యుద్ధ స్మారకం ఆయనదే. ఢిల్లీలో ‘ఆల్ ఇండియా వార్ మెమోరియల్’ పేరుతో కట్టిన ఈ కమానుకు 1921 ఫిబ్రవరి 10న ఇంగ్లండు రాజు బాబాయి కన్నాట్ డ్యూక్ పునాదిరాయి వేశారు. పదేళ్ల తర్వాత, 1931 ఫిబ్రవరి 12న, వైస్రాయి లార్డ్ ఇర్విన్ దాన్ని ఆవిష్కరించారు.

లుటియెన్స్‌కు మన వాస్తుకళ మీద ఏమంత గౌరవం లేదు, ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. అయినా ఈ కట్టడం దగ్గర ఆయన చేసిన నిర్ణయాలు నాకు చాలా నచ్చుతాయి. భరత్‌పూర్ ఎర్రరాతి పీఠం మీద నుంచి మెట్లుమెట్లుగా పైకి లేచి 42 మీటర్ల ఎత్తున ఆగుతుంది. పై అంచున వరసగా సూర్యబింబాలు. నెత్తిన ఇంగ్లీషులో ‘ఇండియా’ అని, దానికి ఒక పక్క రోమన్ అంకెల్లో 1914, మరో పక్క 1919. శిఖరాన ఒక లోతు తక్కువ పళ్లెం లాంటిది ఉంది. ప్రత్యేక దినాల్లో అందులో నూనె పోసి మంట వెలిగించాలని ఉద్దేశం, అది జరిగింది మాత్రం చాలా తక్కువ. ఇక లేనివి చూడండి. శిలువ లేదు, గుడి శిఖరం లేదు, మసీదు గుమ్మటం లేదు. కత్తి దూసిన వీరుడు లేడు, రెక్కల విజయదేవత లేదు, ఓడిన శత్రువు లేడు. హిందువులు, ముస్లింలు, సిక్కులు, గూర్ఖాలు, క్రైస్తవులు కలిసి చచ్చిపోయిన సైన్యానికి ఏ మతం గుర్తూ పెట్టకుండా స్మారకం కట్టాలి. ఆ చిక్కుకు ఆయన కనిపెట్టిన జవాబు ఏమిటంటే, గోడ మీద గుర్తులేవీ పెట్టకుండా పేర్లతో నింపడం. హిందువులకు, సిక్కులకు దహనం చేస్తారు కాబట్టి సమాధి రాయి ఉండదు. వాళ్లకు రాతి మీద మిగిలే గుర్తు ఇలాంటి గోడ మీది పేరే.

ఇది పారిస్‌లోని ఆర్క్ డి ట్రయాంఫ్‌కు కాపీ అని చాలా చోట్ల రాస్తారు. ఆకారంలో పోలిక ఉంది, కాదనను. కానీ పారిస్ కమాను నెపోలియన్ తన విజయాల కోసం మొదలుపెట్టింది. దాని లోపలి గోడల మీద 660 మంది పేర్లుంటాయి, వాళ్లలో ఎక్కువమంది సేనాపతులు. నిండా యుద్ధ విజయాల శిల్పాలు. ఢిల్లీ కమాను మీద ఉన్నది సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు, జమాదార్లు, వాళ్లతోపాటు కొందరు బ్రిటిష్ అధికారులు, సైనికులు. 1917లో చనిపోయిన ఒక నర్సు పేరు కూడా ఉంది. జయస్తంభానికి వాడే ఆకారాన్ని తీసుకొచ్చి దాని మీద జయం ఊసు ఎత్తకుండా చనిపోయినవాళ్ల జాబితా రాయడం అనేది చిన్న మార్పు కాదు. ఈ కట్టడం అసలు గొప్పతనం అదే అని నా నమ్మకం. గోడ మీద అక్షరాలు కనిపించని దూరంలో మనిషిని ఆపేస్తే మిగిలేది పారిస్ పోలిక ఒక్కటే.

ఆ పేర్లు ఎవరివో చాలామందికి స్పష్టంగా తెలియదు. ‘మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 70 వేల మంది పేర్లు’ అని వాట్సాప్‌లో తిరిగేది తప్పు. కమాను పైన చెక్కిన వాక్యమే అసలు విషయం చెబుతుంది. ఫ్రాన్స్, ఫ్లాండర్స్, మెసపటేమియా, పర్షియా, తూర్పు ఆఫ్రికా, గల్లిపోలి, ఇంకా ఇతర చోట్ల పడిపోయి అక్కడే గౌరవం పొందుతున్న భారత సైనికులకు ఇది స్మారకం. దాంతోపాటు, భారతదేశంలోనో, వాయవ్య సరిహద్దులోనో, మూడో ఆఫ్ఘన్ యుద్ధంలోనో చనిపోయి ‘ఇక్కడ పేర్లు నమోదైన’ వారి జ్ఞాపకం కూడా. అంటే స్మారకం 70 వేల మందికి పైగా చనిపోయిన ఆ సైన్యం మొత్తానిది, పేర్లు మాత్రం ఈ రెండో గుంపువి. ఒక సైనికుడి పేరు సాధారణంగా ఒక్క చోటే చెక్కుతారు. ఫ్రాన్సులో ఆచూకీ లేకుండా పోయినవాళ్ల పేర్లు నవ్ షాపెల్‌లో హెర్బర్ట్ బేకర్ కట్టిన స్మారకం మీద ఉన్నాయి, 4,700కు పైగా. మెసపటేమియాలో పోయినవాళ్లకు ఉన్నది బస్రా స్మారకం.

బస్రా దగ్గర కాస్త ఆగాలి. 1914 నుంచి ఇప్పటి ఇరాక్‌లో పోరాడింది ప్రధానంగా భారత సైన్యమే. కూత్ పట్టణంలో నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని, తిండి లేక, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సుమారు 13 వేల మందిలో ఎక్కువ భాగం మనవాళ్లు. చాలామంది ఖైదులోనే పోయారు. 1929లో బస్రాలో స్మారకం కట్టినప్పుడు బ్రిటిష్ అధికారులకు, సైనికులకు పేర్లు చెక్కారు. భారతీయ అధికారులకూ చెక్కారు. భారతీయ సిపాయిల దగ్గరికొచ్చేసరికి రెజిమెంటు పేరు రాసి, కింద ఇంతమంది అని ఒక అంకె వేసి వదిలేశారు. కెన్యన్ సూత్రం అక్కడిదాకా ప్రయాణం చెయ్యలేదు. ఆ కమిషన్‌కే ఇప్పటి పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 2021లో అది తన నివేదికలోనే ఒప్పుకుంది: మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లు తదితరుల్లో 45 వేల నుంచి 54 వేల మందికి సమానమైన గుర్తింపు దక్కలేదు. కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గుర్తింపు లేదు, లేదా అసలు గుర్తింపే లేదు. ఆ సంస్థ క్షమాపణ కూడా చెప్పింది.

ఇది తెలిశాక ఇండియా గేట్ మీది ఒక్కో పేరు విలువ వేరేగా కనిపిస్తుంది. వేల మంది సిపాయిలను అంకెల్లో మూసేసిన కాలంలోనే ఇక్కడ అంకె కాకుండా పేరు పడింది. పడిన పేర్లను కూడా చదవకుండా దూరం పెట్టడం మన చేతులతో మనం చేస్తున్న పని. దానికి బ్రిటిష్‌వాళ్లను అనలేం.

‘వాళ్లు పోరాడింది ఇంగ్లండు రాజు కోసం కదా, మనకెందుకు’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. తేదీలు చూడండి. పునాదిరాయి పడిన 1921 ఫిబ్రవరికి జలియన్‌వాలా బాగ్ జరిగి రెండేళ్లు కూడా కాలేదు. సహాయ నిరాకరణ ఉద్యమం ఊపు మీద ఉంది. డ్యూక్ రాకను బహిష్కరించమని గాంధీ పిలుపిచ్చారు. ఆవిష్కరణ జరిగిన నెలకు గాంధీ–ఇర్విన్ ఒప్పందం, మార్చి 23న భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల ఉరి. ఆ రోజుల్లో ఈ కమానును చూసి ఒక జాతీయవాదికి ఒళ్లు మండి ఉంటే అది న్యాయమే. అయితే అదే గాంధీ 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని చెప్పారు. యుద్ధంలో సాయం చేస్తే స్వపరిపాలన వస్తుందని ఆయనతో పాటు ఎందరో నమ్మారు. ప్రతిఫలంగా వచ్చింది రౌలట్ చట్టం. మోసపోయింది నాయకులు, దేశం, సిపాయిలు అందరూ. నెలకు 11 రూపాయల జీతానికి చేరిన రైతు కొడుకును ఆ లెక్కలోంచి తీసి, ఒక్కణ్నే సామ్రాజ్యం మనిషి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అప్పు తీర్చడానికి చేరినవాళ్లున్నారు. అన్న ఉన్నాడని చేరినవాళ్లు, పంజాబ్‌లో అధికారుల ఒత్తిడికి తలొగ్గి చేరినవాళ్లు ఉన్నారు. కారణం ఏదైనా చనిపోయింది వాళ్లే.

తెలుగువాళ్లకు దీనితో ఏం పని అంటారేమో. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘సైనిక జాతులు’ బ్రిటిష్ సిద్ధాంతం వల్ల దక్షిణాది వాళ్లను అప్పటికే సైన్యంలోంచి బాగా తగ్గించేశారు. పంజాబ్‌తో పోలిస్తే మన సంఖ్య చిన్నదే. అయినా తమిళులు, తెలుగువాళ్లు ఉన్న మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళం మెసపటేమియాలో పనిచేసింది. ఢిల్లీలోనే తీన్‌మూర్తి కూడలిలో నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానం లాన్సర్లది, అంటే బల్లెం పట్టిన గుర్రపు దళానిది, మిగతావి జోధ్‌పూర్, మైసూరువి. 1922లో లెనర్డ్ జెన్నింగ్స్ చేసిన ఆ విగ్రహాలు నాకు అందంగానే కనిపిస్తాయి. కానీ విగ్రహంలో ఉన్న సిపాయికి పేరు లేదు. అతను ఎవరైనా కావచ్చు, అందుకే ఎవరూ కాకుండా పోతాడు.

ఇప్పుడు పక్కన పెట్టినవాటి కథ. కమానుకు తూర్పున కాస్త దూరంలో 1936లో మంటపం లేచింది. ఆరో శతాబ్దపు మహాబలిపురం మంటపాన్ని చూసి లుటియెన్స్ దాన్ని గీశారంటారు. అందులో ఐదో జార్జి పాలరాతి విగ్రహం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 20 ఏళ్లకు పైగా అది అక్కడే ఉంది. 1968లో తీసి ఉత్తర ఢిల్లీలోని కోరొనేషన్ పార్కుకు చేర్చారు. ఆ తర్వాత అర్ధశతాబ్దం మంటపం ఖాళీ. 2022 సెప్టెంబర్ 8న అందులో నేతాజీ విగ్రహం ఆవిష్కరించారు. దానికి వాడిన నల్ల గ్రానైట్ మన ఖమ్మం జిల్లాది. 280 టన్నుల బండను 140 చక్రాల ట్రక్కు మీద 1,665 కిలోమీటర్లు తీసుకెళ్లి, అరుణ్ యోగిరాజ్ బృందం 28 అడుగుల విగ్రహంగా మలిచింది. ఆ బండ ప్రయాణం గురించి తెలుగు పత్రికల్లో వచ్చినప్పుడు నేనూ గర్వపడ్డాను. ఇంగ్లండు రాజును తీసి నేతాజీని నిలబెట్టడంలో నాకే అభ్యంతరమూ లేదు. ఒక్క విగ్రహం కోసం అంత శ్రమ పడగలిగిన దేశం, పక్కనే ఉన్న 13 వేల పేర్ల కోసం ఆవగింజంత శ్రమ పడలేదే అన్నదే బాధ.

జ్యోతి సంగతికొస్తే, 1971 యుద్ధం తర్వాత కమాను కింద నల్లరాతి పీఠం మీద తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద హెల్మెట్, నాలుగు వైపులా మంటలతో అమర్ జవాన్ జ్యోతి పెట్టారు. 1972 జనవరి 26న ఇందిరాగాంధీ దాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత 50 ఏళ్లు మనకు ఇండియా గేట్ అంటే ఆ జ్యోతే. ప్రధానమంత్రి పుష్పగుచ్ఛం పెట్టే దృశ్యంతోనే గణతంత్ర దినం మొదలయ్యేది. 2019 ఫిబ్రవరి 25న దగ్గర్లోనే నేషనల్ వార్ మెమోరియల్ తెరిచారు. 2022 జనవరి 21న జ్యోతిని తీసుకెళ్లి అక్కడి జ్యోతిలో కలిపారు.

ఆ నిర్ణయం వెనక ఉన్న ఒక వాదన సరైనదే. 1971లో చనిపోయినవాళ్ల పేర్లు ఇండియా గేట్ మీద లేవు, కొత్త స్మారకంలో ఉన్నాయి. కాబట్టి వాళ్ల జ్యోతి వాళ్ల పేర్ల దగ్గరే ఉండాలి. బాగుంది. అదే సమయంలో వినిపించిన రెండో మాట మాత్రం నేను మింగలేకపోయాను: ఇండియా గేట్ మీది పేర్లు వలస పాలన గుర్తు అని. జ్యోతి పేర్ల దగ్గర ఉండాలన్న న్యాయం 1971 వాళ్లకు వర్తించి 1919 వాళ్లకు ఎందుకు వర్తించదు? జ్యోతి వెళ్లిపోయాక ఈ పేర్ల ముందు ఎవరూ తలవంచే సందర్భమే లేకుండా పోయింది.

కొత్త స్మారకం మీద నాకు కోపం లేదు, పైగా చాలా మెచ్చుకుంటాను. చెన్నైకి చెందిన యోగేశ్ చంద్రహాసన్ అంతర్జాతీయ పోటీలో గెలిచి దాన్ని రూపొందించారు. నేల మట్టానికి దిగువగా ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు. వాటిలో త్యాగ చక్రం గోడల మీద, గ్రానైట్ పలకల్లో బంగారు రంగు అక్షరాలతో స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ల పేర్లు. ప్రారంభం నాటికే 25,942. కంటికి ఎదురుగా, చేతికి అందేలా ఉంటాయి. గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు అక్కడ ఉంది. ఒక తెలుగు కుటుంబం వెళ్లి ఆ పేరును వేలితో తాకి చూడగలదు. పక్కనే ఉన్న పాత కమాను మీద పేరున్న సిపాయి మునిమనవడికి ఆ అవకాశం లేదు. కంచె అవతల నిలబడి మెడ సాచి, ‘అక్కడెక్కడో ఉంటుంది’ అనుకుని వెనక్కి రావాలి.

పేర్ల స్మారకం చదవడంతోనే బతుకుతుంది. బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో 1927లో తెరిచిన మెనిన్ గేట్ కూడా ఇలాంటి కమానే. 54 వేలకు పైగా పేర్లున్నాయి, వాటిలో భారతీయ సిపాయిలవీ ఉన్నాయి. 1928 నుంచి అక్కడ ప్రతి సాయంత్రం 8 గంటలకు ట్రాఫిక్ ఆపి బ్యూగిల్ ఊదుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పట్టణాన్ని ఆక్రమించిన కాలం తప్ప ఆ ఆచారం ఆగలేదు. వాషింగ్టన్‌లో 1982లో కట్టిన వియత్నాం స్మారకం మరో దారి చూపింది. మాయా లిన్ అనే విద్యార్థిని ఇచ్చిన డిజైన్ అది: విగ్రహం లేకుండా, నేలలోకి దిగిన నల్లని నున్నటి గోడ, దాని మీద 58 వేల పేర్లు. చూసేవాళ్ల ముఖం పేర్ల మధ్య ప్రతిఫలిస్తుంది. జనం కాగితం అడ్డుపెట్టి పెన్సిల్‌తో రుద్ది, పేరును ఇంటికి తీసుకెళతారు.

అందుకే నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఎత్తున ఉన్న పేర్లు ఎలాగూ కింది నుంచి కనిపించవు. కాబట్టి కమాను పక్కన పచ్చికలో, ఎత్తు తక్కువ రాతి పలకల మీద మొత్తం జాబితా మళ్లీ చెక్కాలి. ఇంగ్లీషుతో పాటు గురుముఖి, నాగరి, ఉర్దూ లిపుల్లో కూడా ఉంటే ఆ ఇళ్లవాళ్లు చదువుకుంటారు. రెజిమెంటు, చనిపోయిన తేదీ పక్కనే ఉండాలి. ఇందుకు కొత్తగా పరిశోధన అక్కర్లేదు, పేర్లన్నీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. కమాను దగ్గరికి వెళ్లనివ్వడానికి భద్రత అడ్డు అంటారు. సరే, ఆ పలకల దగ్గరికి వెళ్లనివ్వడానికి ఏ అడ్డూ ఉండదు కదా. ఏడాదికి ఒక్కసారి, యుద్ధం ఆగిన నవంబర్ 11న గానీ, కమానును ఆవిష్కరించిన ఫిబ్రవరి 12న గానీ, అక్కడ పేర్లు గట్టిగా చదవాలి. స్కూలు పిల్లలు తలో పది పేర్లు చదివినా కొన్ని గంటల్లో అయిపోతుంది.

వింటారా, ఎవరైనా వస్తారా అనే సందేహం ఉన్నవాళ్లు లాహోర్ వైపు చూడాలి. అక్కడి మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన 3,20,000 మంది పంజాబీ సైనికుల రిజిస్టర్లు, ఊరి పేర్లతో సహా, దశాబ్దాలు మూలన పడి ఉన్నాయి. బ్రిటన్‌లోని పంజాబీ సంఘం ఒకటి, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి 2021 నుంచి వాటిని ఆన్‌లైన్‌లో పెడుతున్నాయి. మూడు దేశాల్లో స్థిరపడిన కుటుంబాలు తాతల పేర్లు, ఊళ్ల పేర్లు వెతుక్కుంటున్నాయి. ఢిల్లీ గోడ మీది వాళ్లలో చాలామంది ఊళ్లు ఇవాళ సరిహద్దుకు అవతల ఉన్నాయి. ఆ కుటుంబాలు వీసా తీసుకుని ఢిల్లీ వచ్చి గోడ ముందు నిలబడే రోజు ఇప్పట్లో రాకపోవచ్చు. కనీసం పలకల ఫొటోలు, పేరు కొడితే అది ఏ పలక మీద ఏ వరసలో ఉందో చూపించే ఒక పేజీ మన ప్రభుత్వం తరఫున ఉండాలి. ఢిల్లీలో ఉన్నవాళ్లు ఎవరైనా పూనుకుని పురావస్తు శాఖకు, రక్షణ శాఖకు ఒక వినతిపత్రం రాస్తే, సంతకం చేసేవాళ్లలో నేనూ ఉంటాను.